అత్త చిక్కితే కోడలిదే తప్పు

మా అత్తకు మోకాళ్ళు అరిగిపోయాయి. నేల మీద కూర్చుంటే లేపడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. చిక్కబళ్ళాపురం డాక్టరు ఎక్స్‌రే చూసి, "పది కేజీలు తగ్గించుకొని రాండి, అప్పుడు ఆపరేషన్ చేస్తాను" అన్నాడు. చింతామణికి తిరిగొచ్చే బస్సులో అత్త, "ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా బాత్‌రూముకు పోతే చాలు మే, ఇంకేమీ వద్దు నాకు" అంది.

నేను కాలేజీలో హోంసైన్సు చదివినదాన్ని. పది కేజీలు ఒక లెక్కా అనుకున్నాను.

రాత్రికి అన్నం మాని రెండు చపాతీలు తినాలన్నది డాక్టరు మాట. మొదటి రాత్రి అత్త రెండూ తిని, నీళ్ళు తాగి, "ఇంక కూడు పెట్టు" అంది.

"ఇదే కూడు అత్తా."

"ఇదా? ఇది డాక్టరు రాసిచ్చింది గదా. మందు మింగితే కూడు మానేస్తారా యాడన్నా?"

నా డిగ్రీ చదువంతా బయటికి తీశాను. గంటసేపు వాదించి గెలిచాను.

తరువాత నడక. మా ఊళ్ళో వయసైన ఆడది ఉత్త చేతులతో రోడ్డెక్కితే రెండే అర్థాలు: ఎక్కడో ఎవరో పోయారు, లేదా కోడలితో పోట్లాడి ఇల్లు వదిలింది. మూడో ఇంటి దగ్గరే ఆపేశారు.

"ఏమైందమ్మా? కోడలేమన్నా అనిందా?"

"లేదమ్మా, డాక్టరు నడవమన్నాడు."

"అట్లనే చెప్పల్లలే, పాపం. రా, ఇంత ఉప్పిట్టు తిని పో."

నాలుగిళ్ళ జాలి కలిసి రెండు కాఫీలు, ఒక ఉప్పిట్టు అయింది. పైగా కొంగున మూట కట్టిన, నూనెలో కాల్చిన నిప్పట్లు. మరునాటి నుంచి చేతికి ఖాళీ సంచి ఇచ్చి పంపాను. సంచి ఉంటే మార్కెట్టుకు పోతున్నట్టే. మార్కెట్టుకు పోయేదాన్ని చూసి ఎవరూ జాలిపడరు.

నాలుగు నెలల్లో ఏడు కేజీలు తగ్గింది. గోడ పట్టుకొని తనంతట తానే లేవసాగింది. ఇంక మూడు కేజీలు.

అప్పుడు బాగేపల్లి నుంచి మా వదిన దిగింది, అత్త పెద్దకూతురు. గడపలోనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందమ్మా ఇట్లయిపోయినావు? రవికె వేలాడతాండాది! ఈ ఇంట్లో కూడు పెడతాండారా లేదా?"

"డాక్టరు తగ్గమన్నాడు వదినా" అన్నాను.

"తగ్గమన్నాడా, ఎండగట్టమన్నాడా?"

కాళ్ళు కూడా కడుక్కోకుండా, కొత్తగా కొన్న సెల్‌ఫోను తీసి బట్లహళ్ళి చిన్నమ్మకు చెప్పసాగింది: "కండ్లతో చూడలేం చిన్నమ్మా!"

ఇంతసేపూ ఊరిని వెక్కిరించిన నేను ఏం చేశానంటారా? వంటింట్లోకి పోయి తియ్యటి ఓళిగలకు కందిబేళ్ళు ఉడకేశాను. వదిన చూస్తుండగా అత్త కంచంలో మూడు వేసి, నెయ్యి కారేటట్టు పోశాను. వదిన ఉన్న నాలుగు రోజులూ నాలుగు పండగలే. అత్త ఒకసారి నా మొహం చూసేది, తరువాత తినేది.

వదిన బస్సెక్కాక అత్త నోరు విప్పింది.

"ఆ యమ్మకు జవాబు చెప్పలేక నా కడుపులో పోసినావు గదా నెయ్యి. ఊరందరితో వాదిస్తావే, ఆమె ముందర నీ నోరు ఏమైంది?"

"నాకు చెడ్డపేరు వస్తాది అత్తా."

"వస్తే రానీ. నీ పేరు మోసేది నా మోకాళ్ళు గదా!"

అని, ఇంటి ఫోను దగ్గరికి గోడ పట్టుకుంటూ పోయి, కూతురికి నంబరు కలపమంది.

"నాకు ఆపరేషన్ అయ్యేదాకా నువ్వు ఈ పక్క రావద్దమ్మా" అని చెప్పింది.

అటు నుంచి వదిన గొంతు గది అవతల నిలబడిన నాకూ వినిపించింది:

"ఆ మాట నీ కోడలే చెప్పిస్తాండాది గదా?"