ఆరిళ్ల కాఫీ

ముత్తుకూరు పక్క పల్లెలో ఎలిశబెతమ్మ ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. వారానికి నాలుగు రోజులు, రోజుకు ఆరిళ్ల చొప్పున చర్చి సంఘం వాళ్ల ఇళ్లకు వెళ్లి, బైబిలు వాక్యం చదివి, ప్రార్థన చేసి రావడం. ప్రార్థన అయ్యాక కాఫీ తాగకుండా ఆమెను ఎవరూ గడప దాటనివ్వరు. ఆ ఊళ్లో కాఫీలో చక్కెర రుచి కోసం వేయరు, మనిషిని బట్టి వేస్తారు. పనికి వచ్చినవాడికి ఒక చెంచా, చుట్టానికి రెండు, దేవుడి మాట చెప్పే మనిషికి మూడు.

ఆమెకు షుగరు వచ్చి ఎనిమిదేళ్లయింది. మాత్రలు వేళ తప్పకుండా మింగేది. కాఫీలు కూడా అంతే శ్రద్ధగా తాగేది. ఆ రెండూ కడుపులో ఎలా సర్దుకుంటున్నాయో ఆమె ఎప్పుడూ విచారించలేదు.

కళ్లు మసకబారినప్పుడు నెల్లూరులో డాక్టరు చూసి, రెండు కళ్లకూ శుక్లాలన్నాడు. ముందు కుడికంటికి ఆపరేషను చేస్తాను గానీ షుగరు రెండు వందల లోపు ఉండాలన్నాడు. మొదటిసారి వెళ్తే రెండు వందల ఎనభై ఆరు. పంపించేశారు. రెండోసారి డెబ్భై ఒకటికి తగ్గింది, కానీ ముందరున్న రెండు వందలు అలాగే ఉన్నాయి. మళ్లీ పంపించేశారు. మూడోసారికి మూడు వారాల గడువిచ్చి, ఇంకా ఆలస్యం చేస్తే శుక్లం ముదిరిపోయి ఆపరేషను కష్టమవుతుందని చెప్పాడు.

అప్పటికి ఆరు నెలలుగా ఆమె వాక్యం చదవడం లేదు. పుస్తకం తెరిచి చేతిలో పట్టుకుని, కంఠతా వచ్చిన నాలుగు కీర్తనలు చెబుతోంది. ఎవరింట ఏ కష్టమున్నా ఆ నాలుగింటిలో ఒకటే. ఊళ్లో ఎవరూ తప్పు పట్టలేదు. ఆమెకే అవి చాల్లేదు. మధ్యాహ్నం పూట ఒంటరిగా పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పక్క గదిలో అయినవాళ్లంతా మాట్లాడుకుంటుంటే తనొక్కదాన్నే బయట పెట్టి తలుపేసినట్టు ఉండేది.

చక్కెర వద్దని చెప్పకపోలేదు. ఒకసారి దీవెనమ్మ ఇంట్లో చెప్పింది. ఖర్మకొద్దీ ఆ రోజు దీవెనమ్మ డబ్బాలో చక్కెర అడుగంటి ఉంది. ఆ సంగతి అక్క కనిపెట్టి మొహమాటపడుతోందని దీవెనమ్మ అనుకుంది. మరుసటి వారం కొత్త పొట్లం తెప్పించి, ఆమె ఎదుటే నాలుగు చెంచాలు వేసి, మా ఇంట్లో చక్కెరకేం కరువు లేదక్కా అంది. ఎలిశబెతమ్మ తాగింది.

షుగరుందని చెప్పడానికి ఇంకో ఇబ్బంది ఉంది. లైన్‌మన్‌గా చేసి రిటైరైన సంజీవరావు, తనకు షుగరు బాగా తగ్గిందని, అది ఎలిశబెతక్క ప్రార్థన వల్లేనని సంఘంలో సాక్ష్యం చెప్పాడు. రాత్రిపూట అన్నం మానేసిన సంగతి ఆ సాక్ష్యంలో రాలేదు. అంతటి ప్రార్థన చేసిన మనిషికే రెండు వందల డెబ్భై ఒకటి ఉందంటే వినేవాళ్లు ఏమనుకోవాలి?

గడువు పదిహేను రోజుల్లోకి వచ్చాక, ఆదివారం స్త్రీల కూడికలో లేచి నిలబడి చెప్పేసింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. దీవెనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అందరూ కలిసి ఆమె షుగరు కోసం ప్రార్థన చేశారు.

సోమవారం మొదటి ఇంట్లో కాఫీ వచ్చింది. ఎప్పటిలాగే మూడు చెంచాలు.

"ఊళ్లో అందరూ మానేసుంటారు గదక్కా. మా ఇంట్లో ఒక్కటి తాగితే ఏమవతాదిలే" అంది ఆ ఇల్లాలు.

మిగిలిన ఇళ్లలోనూ ఇదే మాట. ఒక ఇంట్లో మాత్రం తాటిబెల్లం వేశారు, అది మందని చెప్పి. ఎలిశబెతమ్మ ఆరూ తాగింది. వాళ్ల మనసు నొప్పించలేక తాగానని దారిలో తనకు తాను చెప్పుకుంది.

మరునాడు డెబోరా ఇంటికి వెళ్లింది. డెబోరా గూడూరు నుంచి కొత్తగా వచ్చిన కోడలు. వాళ్లమ్మకూ షుగరే. ప్రార్థన కాగానే చిక్కటి కాఫీ రెండు చేతులతో అందించి, తనూ పక్కనే కూర్చుంది. ఎలిశబెతమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు దించి, వంటింటి వైపు చూసింది. ఇంకెవరైనా చెంచా పట్టుకొస్తారేమోనని కాసేపు ఆగింది. ఎవరూ రాలేదు. ఈ పిల్లకు పెద్దవాళ్లంటే లెక్క లేదనుకుంది.

"ఏం పెద్దమ్మా, బాగలేదా?"

"బాగానే ఉండాది. చక్కెరే లేదేందిమ్మా?"

"మీరే గదా షుగరని మొన్న చెప్పినారు."

"చెప్పినాను."

"మరి?"

ఎలిశబెతమ్మ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఎనిమిదేళ్లుగా ఊరివాళ్ల మర్యాద కోసం తాగుతున్నానని నమ్మింది. ఇప్పుడు మర్యాదకు లోటు లేదు, మంచి కాఫీ, ఎదురుగా ఆదరంగా కూర్చున్న పిల్ల. లేనిది చక్కెర ఒక్కటే. వెతుకుతున్నదీ దాన్నే. తాగాలని ఉన్నది తనకు. నింద మోసింది ఊరు. మిగిలిన కాఫీ చల్లారేదాకా కూర్చుని, చుక్క మిగలకుండా తాగింది. చాలా చేదుగా ఉంది.

ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్లినా, పుస్తకం తెరవకముందే చెప్పేది: చక్కెర లేని కాఫీ అయితే కూర్చుంటాను, లేదంటే ప్రార్థన నిలబడే చేసి పోతాను. రెండిళ్లవాళ్లు అలిగి కాఫీ ఇవ్వడమే మానేశారు. మా ఇంట్లో కూడానా అక్కా, అని దీవెనమ్మ అడిగితే, ముందు నీ ఇంట్లోనే అంది.

మూడోసారి నెల్లూరుకు డెబోరా తోడు వెళ్లింది. వేలికి సూది గుచ్చి చూస్తే నూట తొంభై ఎనిమిది. డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చూసి, ఏం చేసినావమ్మా అని అడిగాడు. బెంచీల మీద తమ వంతు కోసం కూర్చున్న వాళ్లలో, కళ్లు చూపించుకోవడానికి వచ్చిన సంఘం వాళ్లు నలుగురైదుగురున్నారు. ఆమె నోటివెంట ఏ మాట రావాలో వాళ్లకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"ప్రార్థన ఎనిమిదేండ్లుగా చేస్తానే ఉండాను సార్" అంది ఎలిశబెతమ్మ. "చక్కెర మాత్రం ఈ మధ్యనే మానినాను."

డాక్టరు అది రాసుకున్నాడు. ఎంతవరకు రాసుకున్నాడో తెలియదు. నర్సు వచ్చి పచ్చ గౌను తొడిగి, పొరపాటు జరగకుండా కుడికంటి పైన నుదుటి మీద పెన్నుతో గుర్తు పెట్టింది. లోపలికి పోతూ ఎలిశబెతమ్మ డెబోరాను దగ్గరికి పిలిచి, తను బయటికి వచ్చేదాకా ఇక్కడే కూర్చోమని, ఆకలైతే ఇడ్లీ తిని రమ్మని, చక్కెరేసిన కాఫీ మాత్రం తన కళ్ల ముందు తాగొద్దని చెప్పింది.