ఎడమ వెనక చక్రం

మొన్న కారు సర్వీసుకిస్తే సాయంత్రానికి ఫోనులో ఒక ఫొటో వచ్చింది, బ్రేకులోంచి తీసిన పాత రబ్బర్లూ వాటి పక్కన కొత్తవీ, కింద ‘మార్చమంటారా’ అన్న ప్రశ్న. మార్చమని వేలితో నొక్కేశాను గాని, ఆ నల్లటి ముక్కల్ని చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండు రాష్ట్రాలూ ఒకటిగా ఉన్న ఆ రోజుల్లో పాత కారు కొన్నవాళ్ళు సగం మెకానిక్కులు కాక తప్పేది కాదు. మావారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు కావడంతో మా కారు మరొకరి చేతికి వెళ్ళిందే లేదు. మెట్టుగూడలో మా అద్దింటి ముందు ఆయన ఏదో ఒకటి విప్పుతుంటే, బళ్ళో పంతులమ్మనైన నేను పక్కన కూర్చుని పానాలు అందించేదాన్ని. ఒక శనివారం, బ్రేకు ఆయిల్ కారుతోందని ఎడమ వెనక చక్రం విప్పి, లోపలి రబ్బర్లు పోయాయి, కొత్తవి తేవాలంటూ బండిని ఇటుకల మీద నిలబెట్టి వదిలేశారు. సోమవారం పనిలో ఉండగానే గుండె ఆగి పోయారు.

నాకు ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆ మూడు చక్రాల కారును తప్పుకుంటూ వచ్చి వెళ్ళారు. నేను బడికి వెళ్ళి పాఠాలు చెప్పి, వచ్చి వండి, పడుకున్నాను. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యను ప్రతి ఆదివారం ఆయనే కారులో చర్చికి తీసుకెళ్ళేవారు. ఆవిడ వెళ్ళడం మానేశారు. ఆవిడా అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. బండిని పాతసామానుకు ఇచ్చేయమన్నాడు మరిది. నేనేమీ అనుకోకుండానే ఒకరోజు పాత రబ్బర్లను కాగితంలో చుట్టుకుని బస్సెక్కి, మోటారు సామాన్ల కొట్లుండే రాణీగంజ్‌లో దిగాను.

మావారు ఎప్పుడూ సామాన్లు కొనే కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. “ఏందమ్మా, సార్ రాలే?”

“రాలేదు,” అన్నాను. కాగితం విప్పి పాత రబ్బర్లు చూపించాను.

ఆయన రెండు రకాల రబ్బర్లు ముందు పెట్టాడు. మావారు చేసేటట్టే అంచును గోటితో మడిచి వదిలాను. నిగనిగలాడేదాని మీద గీత పడిపోయింది, మసకగా ఉన్నది వెంటనే నిలబడింది. మసకదే తీసుకున్నాను. బ్రేకులో గాలి తీసే నట్టుకని నోరు తెరిచిన పానా ఇవ్వబోతే, అది జారి నట్టు మూలలు అరిగిపోతాయని, చుట్టూ పట్టే రింగు పానా అడిగాను.

“సార్ మంచిగనే నేర్పిండు,” అని నవ్వాడు. “జెర నా సలాం చెప్పుండ్రి సారుకు.”

“చెప్తాను,” అని బయటికి వచ్చి బస్సు నంబర్లు చూసుకున్నాను.

రబ్బర్లు వేసి డ్రమ్ము బిగించేశాను గాని, బ్రేకు ఆయిల్ పైపులో చేరిన గాలి బయటికి పోవాలంటే నేను వెనక నట్టు వదులుచేసేటప్పుడు ముందు ఒకరు కూర్చుని బ్రేకు తొక్కాలి. అత్తయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. తొక్కండి, పట్టుకోండి, వదలండి అని నేను చెబుతున్నకొద్దీ నట్టుకు తగిలించిన గొట్టంలోంచి కింద పెట్టిన సీసాలోకి బుడగలు వస్తూ, వస్తూ, ఆగిపోయాయి. చాలన్నాను. ఆవిడ కాలు తియ్యలేదు. వెళ్ళి చూస్తే స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నారు.

“ఇంకాసేపు తొక్కుతానే అమ్మాయ్. వాడు మొదలెట్టిన పని అయిపోతందంటే ఎట్టాగో ఉంది.”

నేను నేలమీద కూర్చుని, ఆయిల్ చేత్తోనే ఆవిడ పాదం పట్టుకున్నాను. అప్పుడూ ఏడుపు రాలేదు. మర్నాడు ఆదివారం, ఆయన నేర్పిన డ్రైవింగుతో కారును నేనే మెల్లగా నడిపి ఆవిడను చర్చి మెట్ల దగ్గర దింపాను. బ్రేకు నిలిచింది.

మళ్ళీ ఆ కొట్టుకు వెళ్ళి నిజం చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆయన గల్లా దిగి వచ్చి, స్టూలు వేసి, పక్కన నిలబడ్డాడు. అక్కడ, ఆ ఇనప సామాన్ల మధ్య ఏడ్చాను.

ఇప్పటి బళ్ళు మంచివే గాని, మన చేత విప్పించుకోవు. ఈమధ్య మా వీధిలో భర్త పోయిన ఒకావిడను చూడ్డానికి వెళ్ళాను. ఏ పనికీ లేవనక్కర్లేకుండా అన్నీ ఇంటికే వస్తున్నాయట. ఆవిడ చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను.