వంటింటి ఎనిమిది తలుపులు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రంగుల బాబాయి ఆ మాటని తిరగేసి చదువుకున్నట్టున్నాడు. నలభై ఏళ్లలో ఆయన బ్రష్షు తిరగని వీధి లేదు. బ్యాంకు గ్రిల్లు, బడి గేటు, పళ్ల డాక్టరు గది పైకప్పు, దేన్ని చూపించి అడిగినా "బాబాయి పని" అనేవారు జనం. సొంత వంటింట్లో అలమర తలుపులు మాత్రం పాత యజమాని వేసిపోయిన గోధుమరంగుతోనే ఉండేవి. పెచ్చులూడి, జిడ్డు పట్టి, ఎనిమిదీ ఎనిమిది రకాలుగా ఏడుస్తూ ఉండేవి.

ఆయన భార్య ఒక మధ్యాహ్నం టీచరమ్మగారింటికి క్యారేజీ పట్టుకెళ్లింది. అక్కడ వంటింటి అలమరకి ఆయన లేత ఆకుపచ్చ వేస్తున్నాడు. కిటికీలోంచి ఎండ వచ్చి ఆ తలుపుల మీద పడుతోంది. ఆమె క్యారేజీ కింద పెట్టడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే అడిగింది.

"మనకీ ఆ రంగు వెయ్యండి."

"అదెంత పని! వచ్చే ఆదివారం వేసేస్తా."

ఆ ఆదివారం రావడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఒక వారం ఎవరో అద్దెకి దిగేలోపు ఇల్లు పూర్తిచెయ్యాలనేవాడు, ఒక వారం నడుం పట్టేసిందనేవాడు. ఆమె విసిగి "పోనీ ఇంకెవర్నయినా పిలవనా?" అంటే ఇంతెత్తున ఎగిరేవాడు. "నా ఇంట్లో ఇంకొకడు బ్రష్షు పట్టుకుంటే నేను వీధిలో తలెత్తుకు తిరగగలనా?" అనేవాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. కొన్నాళ్లకి ఆమె అడగడం మానేసింది. అడగడం మానేస్తే ఆశ కూడా తీరిపోయిందనుకునే మగవాళ్లలో ఈయనొకడు.

ఈ చివరి రెండేళ్లలో ఆమె ఇంకా కొన్ని మానేసింది. బజారుకి రానంది, మోకాళ్లంది. టీవీ పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చునేది. "చెవులతో సీరియల్ చూడ్డం ఎక్కడ నేర్చావే?" అని ఆయన నవ్వేవాడు. "వంటింట్లో ఏమిటో గుడ్డి వెలుతురండీ" అని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన అంతకంటే పెద్ద బల్బు తెచ్చి పెట్టాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గోడ మీద వెంట్రుకవాసి పగులుని గుమ్మంలోంచే పట్టేసే మనిషి, ఎదురుగా అన్నం వడ్డిస్తున్న మనిషి కళ్లని చూడలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

కిందటి నెలలో నిచ్చెన మీద కాలు జారింది. దెబ్బేమీ తగల్లేదు గానీ, ఇక బయటి పనులు చాలనుకున్నాడు. చేతులు ఖాళీ అయ్యాక మొదట గుర్తొచ్చింది ఆ ఆకుపచ్చ.

"వాసనకి నీకు తలనొప్పొస్తుంది. ఐదు రోజులు అమ్మాయి దగ్గర ఉండిరా. వచ్చేసరికి నీ వంటిల్లు నువ్వే గుర్తుపట్టలేవు," అన్నాడు.

"ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలెయ్యండి. ఇప్పుడెందుకు?" అందామె.

ఇన్నాళ్లూ వెయ్యలేదని అలకనుకున్నాడు. ఆమెని కూతురింట్లో దింపి వచ్చి, పని మొదలుపెట్టాడు.

తలుపులన్నీ ఊడదీసి, వెనకాల నంబర్లు వేసుకున్నాడు. సబ్బునీళ్లతో జిడ్డు కడిగాడు, గరుకు కాగితంతో రుద్దాడు. ఆయనకొక పట్టుదల ఉంది. పాత దెబ్బ కొత్త రంగు కింద కనిపిస్తే అది పని కాదు, మోసం అంటాడు. పొయ్యి పక్క తలుపుకి వేడి మూత తగిలి పొంగిన మచ్చ ఉంది. కింది తలుపుకి కూతురు చిన్నప్పుడు మూడు చక్రాల బండితో గుద్దిన సొట్ట ఉంది. ఒకదానికి పాత పిడి ఊడిన కన్నం. అన్నిటికీ లప్పం పెట్టి పూడ్చి, ఆరాక మళ్లీ రుద్దాడు. పై తలుపుల అంచుల మీద మాత్రం కొత్త దెబ్బలు కనిపించాయి. ఒక తలుపుకి ఒక గాటు, పక్కదానికి రెండు, ఆ పక్కదానికి మూడు. కత్తి గాట్లే.

"కత్తి పెట్టుకోడానికి చోటే దొరకలేదు కాబోలు," అని గొణుక్కుంటూ వాటికి రెండుసార్లు లప్పం పెట్టాడు. వేలితో తడిమినా తెలియకూడదని మరీ నున్నగా రుద్దాడు. ప్రైమరు మీద రెండు పూతలు వేశాడు. ఐదో రోజుకి ఎనిమిది తలుపులూ ఒక్క అచ్చులో పోసినట్టు తయారయ్యాయి. జీవితంలో అంత మంచి పని తను చెయ్యలేదని ఆయనకే తెలిసింది.

ఆమెని తీసుకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబెట్టాడు.

"ఎలా ఉంది?"

"బాగుందండీ," అంది. అంతే.

ఇరవై రెండేళ్లు ఎదురుచూసి, ఒక్క ముక్కేనా? ఆయన మనసు చివుక్కుమంది. ఆ పూట ముభావంగానే తిరిగాడు.

మర్నాడు పొద్దున్న టీ కోసం లేచి వచ్చేసరికి ఆమె అలమర ముందు నిలబడి ఉంది. పొయ్యి మీద నీళ్లు మరిగి సగానికి వచ్చాయి. ఆమె రెండు చేతులూ పై తలుపుల అంచుల మీద పాకుతున్నాయి. అటు చివరి నుంచి ఇటు చివరికి, మళ్లీ మొదటికి.

"ఏం కావాలి?"

"చక్కెర."

"ఎక్కడుండేదో అక్కడే ఉంది. ఒక్క డబ్బా కూడా జరపలేదే నేను."

"తలుపులన్నీ ఒక్కలాగే ఉన్నాయండీ," అంది. "రెండు గాట్లున్నది చక్కెర. ఒకటి ఉప్పు. మూడు టీ పొడి. నేనే పెట్టుకున్నాను, కత్తితో. అవన్నీ ఏమయ్యాయి?"

ఆయన ఆమె కళ్లకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆ చూపు ఆయన భుజం దాటి ఎక్కడో ఆగింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను కదండీ, వెలుతురు చాలట్లేదని. మొదట్లో నేనూ బల్బే అనుకున్నాను. తర్వాత మీరు నిచ్చెనలెక్కే మనిషి, మీకెందుకు బెంగ అని ఊరుకున్నాను."

ఆ పూటే తీసుకెళ్తే, కంటి డాక్టరు చాలాసేపు చూసి, ఒక కన్ను పూర్తిగా పోయిందన్నాడు. రెండో కంటికి ఎదురుగా ఉన్నది మసక నీడలా మాత్రం ఆనుతుందట, రంగు తెలియదట. "రెండేళ్ల కిందట వచ్చుంటే ఉన్న చూపు నిలబెట్టేవాళ్లం. పోయింది తిరిగి రాదు. మిగిలినదానికి చుక్కలమందు వేస్తూ ఉండండి," అన్నాడు. మొదటి బల్బు మార్చింది ఎప్పుడో ఆయనకి బాగా గుర్తుంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే మనిషి తనే అనుకున్నాడు.

ఇంటికొచ్చాక కూరగాయల కత్తి తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు. ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"ఎక్కడో చూపించు."

"వద్దండీ, ఇంత కష్టపడి వేశారు. రంగు పాడైపోతుంది."

"పాడవనీ. చూపించు."

ఆమె తలుపు అంచు మీద వేలు ఆనించింది. ఆ వేలి పక్కనే ఆయన గాటు పెట్టాడు. కొత్త రంగు చిన్న పెచ్చుగా లేచి కింద పడింది. ఆమె తడిమి చూసి, "ఇంకొంచెం లోతుగా," అంది. లోతుగా పెట్టాడు.

"ఇంతకీ ఏం రంగు వేశారు?" అనడిగింది.

నిన్న గుమ్మంలో బాగుందన్నది ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేకేనని అప్పటికి ఆయనకి అర్థమైంది.

"నువ్వడిగిందే. టీచరమ్మగారింటి రంగు."

ఆమె అరచేయి తలుపు మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. "ఎండలో చూడాలి దాన్ని. ఆ కిటికీ ఒకసారి తెరవండి," అంది.

కిటికీ పొద్దున్నుంచీ తెరిచే ఉంది. ఎండ ఆ తలుపు మీదే, ఆమె చేతి మీదే పడుతోంది. ఆయన వెళ్లి కిటికీ రెక్కలు మెల్లగా మూసి, మళ్లీ చప్పుడయ్యేలా తెరిచాడు.

"ఆఁ, ఇప్పుడు తెలుస్తోంది," అంది ఆమె.

ఆయన కత్తి తీసుకుని రెండో తలుపు దగ్గరికి వెళ్లాడు.