కాలవ రేవులో కడిగిన కొత్తిమీర

కొత్తపేట దగ్గర కాలవగట్టున పది సెంట్ల మెరకలో రాహేలు తోటకూర, కొత్తిమీర పండించేది. తెల్లవారగానే కోసి, కట్టలు కట్టి, ఇంటి ముందు రేవులో మట్టి పోయేదాకా కడిగి, తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల వెంట అమ్మేది.

పంతొమ్మిది వందల నలభై ఆరులో కలరా వచ్చి ఆమె భర్త సాలమోను ఒక్క రోజులో పోయాడు. సమాధి చేసి వచ్చాక అతని దుప్పటి, పంచె ఆ రేవులోనే ఉతికింది. మర్నాడు కొత్తిమీర కోసింది. ఆగితే ముదిరిపోతుంది. కోసింది, కడిగింది, అమ్మింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని దారిలో రెండుసార్లు ఆగి చూసింది కూడా.

నాలుగో నాడు దండోరా వేశారు. కూరలు, పళ్లు కాలవలో కడగకూడదట. వెనకే శానిటరీ ఇన్‌స్పెక్టరు ప్రభాకరరావు పుస్తకం పట్టుకుని వచ్చాడు.

“మీ ఆయన బట్టలు ఎక్కడ ఉతికేవమ్మా?”

“ఈ రేవులోనేనండి.”

“తరవాత కూరలూ ఇక్కడే కడిగేవా?”

“ఆయ్. కడిగేనండి.”

“ఎవరెవరికి అమ్మేవు?”

వరసగా చెప్పింది. వీరాయమ్మగారి పేరు దగ్గర ఆయన కలం ఆగింది. ఆవిడ ఆ ఉదయమే కలరాతో పోయారు.

“నా కొత్తిమీర వల్లేనాండీ?”

“తోటకూరైతే ఉడుకుతుంది. కొత్తిమీర పచ్చిదే వేసుకుంటారు. కానీ ఆవిడ తాగిందీ ఈ కాలవ నీళ్లే. ఇదీ అని చెప్పలేనమ్మా.”

మడులన్నీ పీకించి, గోతిలో వేసి సున్నం చల్లిస్తానన్నాడు. మనుషులక్కర్లేదని చెప్పి రాహేలు తనే పీకింది. మధ్యాహ్నానికి అయిపోయింది. చేతులు కడుక్కుందామని రేవుదాకా వెళ్లి, కాసేపు నిలబడి, అలాగే వెనక్కి వచ్చింది.

తరవాతి పంట నుంచి బ్లీచింగు పౌడరు వేసిన చర్చి నూతి నీళ్లే మోసుకొచ్చి కూరలు కడిగేది. కలరా తగ్గింది. ఇన్‌స్పెక్టరుకి బదిలీ అయింది. అందరూ మళ్లీ కూరలు రేవులోనే కడుక్కోసాగారు. ఈ బాధెందుకని ఎవరైనా అడిగితే “రూలండి” అనేది.

వీరాయమ్మగారి వీధికి మాత్రం రెండేళ్లు వెళ్లలేదు. ఒకనాడు బజారులో ఆ ఇంటి కోడలు సత్యవేణి ఎదురైంది.

“మా వైపు రావటం మానేసేవేం, రాహేలూ?”

మర్నాడు వెళ్లి, ఆ గుమ్మం ముందు తట్ట దించింది.

“నూతి నీళ్లతో కడిగినవేనండి.”

“నేనడగలేదే,” అంది సత్యవేణి. రెండు కట్టలు ఏరుకుని లోపలికి వెళ్లింది.

రాహేలు మనసు తేలికపడిందా అంటే, అదీ లేదు. పక్కింటివాళ్లు తోటకూర కావాలన్నారు. తీసిచ్చింది.