లోపల వదిలిన గుడ్డ

మా అక్క దర్జీ. మా బావ బస్సు డ్రైవరు. పెళ్ళినాటి నుంచీ తన నడుము ముప్ఫై నాలుగు దాటలేదని చెప్పుకు తిరిగే మహానుభావుడాయన. ఆ ముప్ఫై నాలుగు మా అక్క చేతిచలవ అని నాకొక్కదానికే తెలుసు.

ప్యాంటు వెనక కుట్టు లోపల కాస్త గుడ్డ వదలడం దర్జీల అలవాటు, ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని. బావ డ్యూటీకి వెళ్ళగానే అక్క ఆ కుట్టు విప్పి, వదులు చేసి, మళ్ళీ కుట్టేది. కొత్తవైతే చెప్పకుండానే అంగుళం ఎక్కువ కత్తిరించేది. ఆయన మనసు కష్టపెట్టుకుంటారే, అనేది. మొగుడి పొట్టను దాచే పెళ్ళాన్ని నిన్నే చూశానని తిట్టేదాన్ని. నవ్వేసేది.

పన్నెండేళ్ళు గడిచాయి. డిపోకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ టేపు తీసి కొలిస్తే నలభై రెండు వచ్చింది. రక్తపోటూ ఎక్కువే. ఆరు నెలల్లో రెండూ తగ్గకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వనంది. మీ టేపే తప్పని బావ పోట్లాడాడట. మర్నాడు ఆ మాట చెప్పించడానికి అక్కను వెంటబెట్టుకెళ్ళాడు. తోడు నేను.

అక్క తన టేపుతో కొలిచింది. నలభై రెండే. అక్కడికక్కడే పన్నెండేళ్ళ కుట్లన్నీ ఒప్పేసుకుంది.

డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. పొట్టలో కొవ్వు ఊరికే మూటలా పడి ఉండదని చెప్పింది. అతిగా పెరిగితే లోలోపల వాపు పుట్టించే పదార్థాలను రక్తంలోకి వదులుతుందట. మనం పీల్చే ఆక్సిజన్ నుంచే పుట్టే హానికరమైన అణువులు ఎక్కువై, వాటిని అణిచే శక్తి ఒంటికి చాలదట. దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారట. ఆ అణువులు రక్తనాళాల లోపలి పొరను గాయపరుస్తాయి, చెడు కొలెస్ట్రాల్‌ను మరింత పాడుచేస్తాయి. అది నాళాల గోడల్లో పేరుకుంటే గుండెకు రక్తం వెళ్ళే దారి ఇరుకవుతుంది.

"ప్రస్తుతానికి గుండె బాగానే ఉందండీ. పొట్ట తగ్గితే ఈ గొడవా తగ్గుతుంది" అంది.

ఇంటిదాకా నడిచే వచ్చాం. అక్క ఏడుస్తూనే ఉంది. గుమ్మం దగ్గర బావ ఆగాడు.

"నువ్వు దాచావు సరే, అద్దం చెప్పలేదా నాకు? నేనూ దొంగనే" అన్నాడు.

మర్నాటి నుంచి డిపోకి నడకే. రెండోసారి వడ్డించుకోవడం మానేశాడు. మొదటి నెల అరంగుళం కూడా తగ్గలేదు. విసుగెత్తి బేకరీలో దూరితే నా కంటబడ్డాడు. చెడామడా తిట్టి ఇంటికి నడిపించుకొచ్చాను.

ఆరో నెలకు ముప్ఫై ఎనిమిది. రక్తపోటూ దిగింది. డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఆ సాయంత్రం బావ జారిపోతున్న ప్యాంటు చేత్తో పట్టుకుని అక్క మిషను ముందు నిలబడ్డాడు. మార్చుకుని ఇస్తే అక్క దాన్ని బిగించి కుట్టింది. తర్వాత లోపల మిగిలిన గుడ్డను కత్తెరతో కోసేసింది.

"అదెందుకు కోశావు? మళ్ళీ అవసరమైతే?" అన్నాడు బావ.

అక్క ప్యాంటు మడిచి ఆయన చేతికిచ్చింది.

"మళ్ళీ విప్పను. నాకు మీరు కావాలి."