లేని బ్రేకు

కారు నడపడం నేర్పే మేష్టారికి భయమంటే ఏమిటో తెలియదని అందరూ అంటారు. నేర్చుకునేవాళ్లు ఎదురొచ్చే లారీ మీదికి పోనిచ్చినా పక్కసీట్లో గొంతు పెంచకుండా కూర్చుంటారు. కుడికాలు మాత్రం తన వైపున్న రెండో బ్రేకు మీదే ఉంటుంది. ఇవాళ పాఠాలు మానేసి వంటింట్లో చిన్న పీటేసుకుని కూర్చున్నారు. ఎదురుగా పాత దుప్పటి మీద కుక్క. పొద్దున్నుంచీ దానికి వాంతులు, విరేచనాలు. "తిండి పెట్టకండి, నీళ్లు చెంచాతో పట్టండి, అవీ కక్కితే వెంటనే తీసుకురండి" అన్నాడు డాక్టరు. దాని డొక్కలు ఎగిరినప్పుడల్లా ఆయన కుడికాలు గచ్చును గట్టిగా తొక్కుతోంది.

"అక్కడ బ్రేకు లేదండీ," అంది భార్య, పక్కన కూర్చుని తడిగుడ్డ పిండుతూ. "నిన్న మీ కంచంలో నూనె ఓడే మాంసం ముక్కలన్నీ దానికి పెట్టేటప్పుడు తొక్కాల్సింది."

ఆయన ఇంకో చెంచా నీళ్లు పట్టారు. కుక్క మెడ చాచింది, డొక్కలు లోపలికి లాక్కుపోయాయి. మేష్టారు ఊపిరి బిగబట్టి కాలు అదిమారు. అది కక్కలేదు. మెల్లగా మూతి నాక్కుని తల వాల్చింది. ఆయన కాలు తీసి పక్కకి చూస్తే, ఆవిడ కాలు ఇంకా గచ్చును తొక్కిపట్టే ఉంది.