కాల్‌బుక్కులో ఖాళీ గడి

మా కాల్‌మేన్ మొన్న పోయాడు. పొద్దున్న ఏడింటికి మా గుమ్మంలో సైకిల్ బెల్లు మోగించిన మనిషి మధ్యాహ్నానికి లేడు. కబురు తెచ్చిన, టీకాలు వేసే దీదీ ముందు నేను నవ్వాను కూడా. "ఎవర్ని చూసి ఎవరనుకున్నావో, ఆయన పొద్దున్నే ఇక్కడికి వచ్చి వెళ్ళాడు" అన్నాను. "ఝపటాపూర్ బస్తీలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాడు దాదా, మళ్ళీ లేవలేదు" అంది ఆమె బెంగాలీలో. ఈ మాట రాస్తున్నా నాకింకా నమ్మకం కుదరడం లేదు.

కాల్‌మేన్ అంటే తెలియనివాళ్ళకి చెప్తాను. బండి బయల్దేరే ముందు గార్డుల ఇళ్ళకీ డ్రైవర్ల ఇళ్ళకీ వెళ్ళి, లేపి, డ్యూటీ చెప్పి, కాల్‌బుక్కులో సంతకం పెట్టించుకునే మనిషి. నేను గార్డుని. ఇరవై ఏళ్ళు ఆయన బెల్లుకి లేచాను, ఇరవై ఏళ్ళూ విసుక్కున్నాను. "ఏమోయ్" అనే తప్ప ఏనాడూ పిలవలేదు. ఇద్దరం ఒకే ఏడు రిటైరయ్యాం. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా అబ్బాయి క్వార్టరు వరండాలో నేను వాలుకుర్చీ వేసుకున్నాను.

నెల తిరక్కుండా మళ్ళీ అదే బెల్లు. చూస్తే ఆయనే, చంకలో కాల్‌బుక్కు.

"డ్యూటీ వొచ్చింది బాబూ. ఎనిమిదింటికి బస్తీలో టీకాలు. సంతకం ఎట్టండి."

"ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది. ఇప్పుడు నాకు డ్యూటీ ఏమిటోయ్?"

"ఆ రెండిటి మద్దినా సేనా టైముంది బాబూ. మనం రిటైరయ్యింది రైలుకి గానీ ఊరికి కాదు గదా!"

నవ్వొచ్చి సంతకం పెట్టేశాను. అక్కడే దొరికిపోయాను. సంతకం పెట్టి కూడా ఇంట్లో కూర్చోవడం రైలు మనిషికి చేతకాదు, ఆయనకది బాగా తెలుసు. "రండి, సేవ చేద్దాం" అని పిలిస్తే మాలో ఒక్కడూ కుర్చీలోంచి లేచేవాడు కాదు. పుస్తకంలో సంతకం పడితే మాత్రం చొక్కా తొడుక్కోవలసిందే. అలా ఒక ముసలి డ్రైవరునీ, ఆస్పత్రిలో ఆయాగా చేసిన ఒక క్రైస్తవుల ఆవిడనీ, ఇంకో పదిమందినీ ఇళ్ళలోంచి లాగాడు. ఓటర్ల జాబితాలో పేరు లేనివాళ్ళని వెతకడం దగ్గర్నుంచి కుళాయి దగ్గర తగువులు తీర్చడం దాకా అన్నీ మా డ్యూటీలే.

నన్ను మాత్రం ఎప్పుడూ టీకాలకే వేసేవాడు. నా మొహం నిండా మశూచి మచ్చలు. "మేం గంటసేపు సెప్పినా వినరు. మీ మొకం ఓపాలి సూత్తే సాలు బాబూ" అనేవాడు. ఆ మాట ఇంకెవడైనా అంటే చెంప పగలగొట్టేవాణ్ణి. కానీ నా సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే. ఒక చలికాలం, ఆలస్యమైన బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు నేనే చెప్పుకున్నాను. నా చిన్నప్పుడు టీకాలవాడు వస్తే, అమ్మవారికి కోపం వస్తుందని మా అమ్మ నన్నూ చెల్లినీ గాదె వెనక దాచింది. నేను మచ్చలతో బయటపడ్డాను. చెల్లి బతకలేదు.

అటుమొన్న ఝపటాపూర్‌లో ఒక తెలుగువాళ్ళింటికి వెళ్ళాం. రెండేళ్ళ పాప నన్ను చూసి కెవ్వుమంది. తల్లి పిల్లని లోపలికి లాక్కుని తలుపేసేసింది. అరవై ఏళ్ళవాణ్ణి, అయినా మనసు చివుక్కుమంది. అందుకే మొన్న బెల్లు మోగితే కుర్చీలోంచి లేవలేదు.

"సిక్‌లో రాసుకో" అన్నాను.

"ఏటి బాబూ, జొరమా?"

"జ్వరం కాదు. పిల్లల్ని ఝడిపించే డ్యూటీ నాకొద్దు."

పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "సరే, ఈ పూట మీ డ్యూటీ నేను సేసేత్తాను. రేపు మాత్రం మీరే రావాల" అని సైకిలెక్కాడు. నేను తల తిప్పి చూడనైనా లేదు.

దహనం అయ్యాక ఆయన భార్య కాల్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. మొన్నటి పేజీలో నా పేరు, పక్కన ఝపటాపూర్. సంతకం గడిలో సిక్ అని రాయలేదు. ఖాళీగా వదిలేశాడు. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.

నిన్న పొద్దున్న ఆ గడిలో సంతకం పెట్టి, దీదీని తీసుకుని ఆ ఇంటికే వెళ్ళాను. ఆయన సైకిలు ఇంకా ఆ గోడకే ఆనించి ఉంది, హేండిలుకి గొడుగు వేలాడుతూ. మొన్న ఆయన, మూసి ఉన్న తలుపు బయట ఆ అరుగు మీదే కూర్చుని నా కథంతా చెప్పాడట. ఆ తల్లి తలుపు తీసి నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"మీ సెల్లి పేరేటి బాబూ?" అంది.

చెప్పాను. యాభై ఏళ్ళకి పైగా నా నోట పలకని పేరు. ఆమె పాప గౌను చెయ్యి పైకి మడిచింది. పాప ఏడ్చింది, ఈసారి నన్ను చూసి కాదు, సూదికి.

ఇవాళ ఏడింటికి కాల్‌బుక్కు చంకలో పెట్టుకుని ఆ సైకిలు మీదే డ్రైవరుగారింటికి వెళ్ళి బెల్లు మోగించాను. ముసలాయన గబగబా బయటికి వచ్చాడు. ఆ బెల్లు విని ఒక్క క్షణం మా కాల్‌మేనే వచ్చాడనుకున్నాడు పాపం. నన్ను చూసి, సైకిల్ని చూసి, హేండిలుకి ఇంకా ఊగుతున్న గొడుగుని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత సంతకానికి పెన్సిలు కోసం చెయ్యి చాచాడు.